ముందుగా పలకరించని మనిషి

సిస్టరమ్మ విజయనగరం ఆసుపత్రిలో పోయిందన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆవిడకీ నాకూ మాటల్లేవనే మా ఊళ్లో అందరూ అనుకుంటారు, ఎవరు చెప్తారు? సోమవారం పొద్దున ఆటోలో అంగన్‌వాడీకి వెళ్తుంటే మెయిన్ రోడ్డు మలుపులో ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి ఫ్లెక్సీ కడుతున్నారు. 'ప్రభువునందు నిద్రించిన' అన్న మాటల కింద ఆవిడ ఫొటో. ఆకుపచ్చ అంచున్న నీలం చీర, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. భూస్థాపన మంగళవారం పదకొండు గంటలకు అని రాసి ఉంది. ఆటో ఆగలేదు. నేనూ ఆపమనలేదు.

కేంద్రానికి వెళ్లి గుడ్లు ఉడకబెట్టాను. పిల్లలకి ఒలిచి పెట్టాను. పెంకులు పారబోయడానికి పెరట్లోకి వెళ్లి అక్కడే కూలబడిపోయాను. ఆయా పరిగెత్తుకొచ్చింది.

"ఏటైనాది టీచరుగారూ? కళ్లు తిరిగినాయా?"

"ఎండ" అన్నాను.

వారం రోజులుగా ముసురు పట్టి ఉంది. ఎండ మొహం చూసి ఎన్నాళ్లయిందో. నాకు అబద్ధం అంత తేలిగ్గా వస్తుంది. ఈ నాలుగు పేజీలు రాయడానికి కూర్చున్నది కూడా అలా తేలిగ్గా వచ్చిన ఒక అబద్ధం గురించే.

ఆవిడ పేరు ఆ ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ఇక్కడ రాయను. ఊరంతా సిస్టరమ్మ అనే పిలిచింది, నేనూ అంతే. మాది సాలూరు వెళ్లే రోడ్డులో చిన్న ఊరు. ఇంటికో డ్రైవరు ఉంటాడు. సాలూరులో లారీ ఎక్కితే రాయపూర్ దాకా, ఇంకా పైకి కూడా వెళ్లి పదిరోజులకో పదిహేను రోజులకో ఇంటికొస్తారు. ఊళ్లో ఉన్న ప్రభుత్వాసుపత్రిలో సిస్టరమ్మ చాలా ఏళ్లు నర్సుగా చేసింది. చర్చి వెనక వీధిలో, మా ఇంటికి నాలుగిళ్ల అవతల, పక్షవాతంతో మంచాన ఉన్న తల్లిని చూసుకుంటూ ఉండేది. పెళ్లి చేసుకోలేదు.

ఆవిడకి పొగరు అని ఊళ్లో పేరు. రోడ్డు మీద ఎదురైతే ఎవర్నీ ముందుగా పలకరించదు. నిన్న ఆసుపత్రిలో మన చెయ్యి పట్టుకుని గంటసేపు మాట్లాడిన మనిషి, ఇవాళ సంతలో పక్కనే నిలబడి వంకాయలు ఏరుకుంటూ మనల్ని ఎరగనట్టే ఉంటుంది. మనమే "బాగున్నారా సిస్టరమ్మా" అంటే మాత్రం మొహమంతా నవ్వు చేసుకుని, ఇంట్లో వాళ్లందర్నీ పేరుపేరునా అడుగుతుంది. ఇదేం మనిషి అనుకునేవాళ్లం. కారణం నాకు తర్వాత ఆవిడే చెప్పింది.

"నేను పలకరిస్తే పక్కనున్నోళ్లు ఊరుకోరమ్మా. ఆవిడ నీకెలా తెలుసు, ఆవిడ గదికి ఎందుకెల్లావు అంటారు. అప్పుడు నువ్వేటి సెప్తావు? నువ్వు పలకరించాలనుకుంటే నువ్వే పలకరిస్తావు. ఆ సంగతి నీ సేతిలోనే ఉండాలి."

ఆవిడ గది అంటే ఆసుపత్రి వరండా చివర, కట్లు కట్టే గది దాటాక ఉండేది. సుఖవ్యాధులకి మందిచ్చే గది. తలుపు మీద ఆ సంగతి చెప్పే బోర్డు ఉంటే, ఆవిడ వచ్చిన నెలలోనే తీయించేసిందట. "ఆ బోర్డు కింద నిలబడే ధైర్యం ఉన్నోడికి జబ్బు రాదండీ, వచ్చినోడికి ఆ ధైర్యం ఉండదు" అని డాక్టరుగారితో అందట. లోపల ఆకుపచ్చ పరదా, రెండు కుర్చీలు. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన వేసేది. మొహంలోకి చూస్తూ ఇలాంటి మాటలు మాట్లాడ్డం కష్టమని.

డ్రైవర్లు వచ్చి "వేడి సేసినాది సిస్టరమ్మా" అనేవారు. మా వైపు మూత్రంలో మంటొచ్చినా, చీము పడినా, ఆడవాళ్లకి వాసనతో తెల్లబట్టయినా, పొత్తికడుపు నొప్పొచ్చినా అన్నింటికీ ఒకటే మాట, వేడి. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు తాగి నెలలు గడిపేస్తారు. "వేడైతే మజ్జిగ తాగు, నా దగ్గరికి ఎందుకొచ్చేవు?" అని నవ్వించి, ఆ నవ్వులోనే అడగాల్సినవి అడిగేసేది. చీము కారతందా, పుండు లేచిందా? నొప్పి ఉందా, లేదా? ఎన్నాళ్లయింది? గజ్జల్లో బిళ్ల కట్టిందా? ఒక్కో దానికి ఒక్కో రంగు ప్యాకెట్టు. ఏ రంగు ఇచ్చినా రక్తపరీక్ష మాత్రం అందరికీ చేయించేది. ప్యాకెట్టు ఒకటి ఇస్తే వాడు చేతిలో పెట్టుకుని లేచిపోబోయేవాడు. ఆవిడ రెండోది బల్ల మీద పెట్టేది. "ఇది మీ ఇంటావిడది. నువ్వొక్కడివే మింగితే సగం వైద్యమే. మిగతా సగం నీ కోసం ఇంటి దగ్గర కాసుకుని ఉంటాది."

ఇవన్నీ నేను కళ్లారా చూసినవి కావు. నలుగురూ చెప్పగా విన్నవి. నేను ఆ గదిలోకి వెళ్లింది ఒక్కసారే.

నాకప్పుడు పెళ్లయి మూడేళ్లు. మొదటి కాన్పు ఏడో నెలలో పోయింది. అరసవల్లిలో మా అమ్మగారింట్లో ఉండగా కడుపులో కదలిక ఆగిపోయింది. మగబిడ్డ. దిష్టి తగిలిందన్నారు, గ్రహణం నాడు బయటికొచ్చానన్నారు. ఎందుకు పోయాడో ఎవరూ పరీక్ష చేయలేదు, చేయమని అడగాలని మాకూ తెలియదు. రెండోసారి నెల తప్పాక ఐదో నెలలో గర్భిణీ కార్డు రాయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే రక్తం తీశారు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నారు, మళ్లీ తీశారు. ఆ మర్నాడు సిస్టరమ్మ నన్ను లోపలికి పిలిచి పరదా లాగింది.

"కూర్చో అమ్మా. నీ రక్తంలో సిఫిలిస్ అని ఒక జబ్బు ఉన్నాది. ఒక్క పరీక్ష సూసి సెప్పట్లేదు, రెండోది కూడా సేయించాను. ముందే ఇంకో మాట సెప్తన్నాను, ఇది తగ్గిపోయే జబ్బు. సూదిమందుకి పూర్తిగా తగ్గిపోతాది."

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. రక్తం తక్కువ లాంటిదేదో అనుకున్నాను. "ఎలా వస్తాదండీ?" అన్నాను.

"ఆడామగా కలయిక వల్ల వస్తాది."

నేను లేచి నిలబడిపోయాను. "నేనలాంటిదాన్ని కాదు."

"నువ్వెలాంటిదానివో నేనడగలేదమ్మా. జబ్బు కూడా అడగదు. కూర్చో."

కూర్చున్నాను. అరిచేతుల్లో, అరికాళ్లలో ఎప్పుడైనా ఎర్రగా మచ్చలొచ్చాయా అంది. వచ్చాయి. పెళ్లయిన కొత్తలో. సబ్బు పడలేదనుకుని బట్టలు ఉతికే సబ్బు మార్చాను, అవే పోయాయి. మీ ఆయనకి ఎప్పుడైనా పుండు లేచిందా అంది. తెలియదన్నాను. "నొప్పి ఉండదు ఆ పుండుకి. అందుకే పట్టించుకోరు. నాలుగు వారాలకి దానంతటదే మానిపోతాది. మెడికల్ షాపులో కొన్న బిళ్లకి మానిందనుకుంటారు. పుండు మానిందంటే జబ్బు పోయిందని కాదమ్మా, లోపలికెల్లి తలుపేసుకున్నాదని." తర్వాత నా కార్డు తిరగేసి, "ముందు బిడ్డ ఎన్నో నెలలో పోయాడు?" అంది.

చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది. "నీ తప్పు కాదు. అప్పుడెవరూ సూడలేదు. ఈ బిడ్డనైనా సూసుకుందాం" అంది.

వారానికొకటి చొప్పున మూడు వారాలు సూది. మా ఆయనకి కూడా వేయాలి, అది అయ్యేదాకా దూరంగా ఉండాలి. ముందు ముంజేతి మీద కొంచెం మందు వేసి అరగంట కూర్చోబెట్టింది, పడుతుందో లేదో చూడ్డానికి. పడింది. పిరుదుల మీద రెండు వైపులా వేసింది. ముద్దలా దిగింది మందు, కాలు తీసి కాలు వేయలేకపోయాను. గుమ్మం దాకా పట్టుకుని నడిపిస్తూ చెప్పింది: "ఇవాళ సాయంత్రం జ్వరం రావచ్చు, వణుకు పుట్టొచ్చు. లోపల పురుగు సస్తన్నాదన్నమాట, రేపటికి తగ్గిపోతాది. కడుపు గట్టిగా పట్టేసినట్టుంటే మాత్రం ఒక్క నిమిషం ఆగకు, వచ్చీ."

సరిగ్గా దీపాలు పెట్టే వేళకి వణుకు మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా ఆగలేదు. మా అత్త నా పక్కన కూర్చుని కాళ్లు రాస్తూ ఏడ్చింది. ఆవిడ చెడ్డది కాదు. ఒక మనవడు పోయాడు, రెండో బిడ్డ కోసం కనిపించిన గుడికల్లా మొక్కుతోంది.

"ఏటి సూది ఏసినాదే అది? దేనికి ఏసినాది?"

నేనప్పుడు అనేక మాటలు చెప్పి ఉండొచ్చు. బలానికి అనొచ్చు. ఊరుకోవచ్చు. నా నోట్లోంచి వచ్చింది ఇది: "ఏమో అత్తా. ఇంకెవరిదో కాయితం సూసి నాకేసీసినాదేమో."

అంతే. ఒక్క ముక్క. మా ఆయన పరువు, నా పరువు, రెండూ ఆ ముక్క వెనక దాక్కున్నాయి.

మర్నాడు పొద్దున్నే మా అత్త వీధిలోకి వెళ్లింది. నేను కిటికీ రెక్క వెనక నిలబడ్డాను. సిస్టరమ్మ అరుగు మీద తల్లిని కూర్చోబెట్టి తల దువ్వుతోంది.

"ఓలమ్మో, సూడండర్రా! కడుపుతో ఉన్న గుంటకి ఎవరికో ఏయాల్సిన సూది పొడిచీసినాది! ముందొకడు పోనాడు, ఈ బిడ్డని కూడా తీసీడానికి సూస్తన్నాది! దీనికి పిల్లలు నేరు, మా ఉసురు దీనికేటి తెలుస్తాది!"

జనం పోగయ్యారు. సిస్టరమ్మ దువ్వెన కింద పెట్టింది. ఒక్కసారి మా కిటికీ వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో లేదో నాకు తెలియదు, నేను అప్పటికే పక్కకి తప్పుకున్నాను. గొంతు మాత్రం వినబడింది.

"మీ కోడలికి జ్వరం తగ్గిందా అమ్మా? కడుపులో నొప్పేటైనా ఉన్నాదా?"

ఆవిడ అడిగింది అదొక్కటే.

వార్డు పెద్దల్ని వెంటబెట్టుకుని మా అత్త ఆసుపత్రికి వెళ్లింది. కాగితం రాసి పదిమంది చేత సంతకాలు పెట్టించింది. ఏం సూది వేశారో, ఏ జబ్బుకి వేశారో అందరి ముందూ చెప్పమని పట్టుబట్టారు. ఆవిడ రిజిస్టరు తెరిచి ఒక్క పేజీ చూపిస్తే అయిపోయేది. ఆ పేజీలో నా పేరుంది, జబ్బు పేరుంది. "వేసిన సూది సరైనదే. ఎందుకు వేశానో చెప్పను" అందట. పెద్ద డాక్టరుకి నిజం తెలుసు. కానీ వరండా నిండా జనం. ఊరు చల్లబడేదాకా అని ఆవిడని కొండ మీద ఉన్న ఒక ఆరోగ్యకేంద్రానికి పంపించారు. ఊరు పదిరోజుల్లో చల్లబడింది. ఆ ఉత్తర్వు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది.

ఇదంతా జరుగుతుంటే నేను అరసవల్లి వెళ్లిపోయాను. ఆదివారం సూర్యదేవుడికి పూజ చేయించుకుంటానని అత్తతో చెప్పాను. నిజానికి పారిపోయాను. రెండో సూది వేయించుకోకూడదనే అనుకున్నాను. ఒక సూదితో తగ్గిపోయి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. సరిగ్గా ఏడో రోజు మా నాన్న ఫోను మోగింది. కార్డు మీద ఆ నంబరే రాయించాను.

"అమ్మా, నేను. నీ స్నేహితురాలినని మీ నాన్నగారికి సెప్పాను. గుడి ముందు కొబ్బరికాయల కొట్టు దగ్గర ఉన్నాను. ఒక్కసారి రా."

లాడ్జి పక్కన, ఆటోల హారన్ల మధ్య, చేతిలో గుడ్డసంచితో నిలబడి ఉంది. పూజసామాన్లవాళ్లు చుట్టూ మూగి పళ్లెం తీసుకోమని వేధిస్తుంటే నవ్వుతూ చెయ్యి అడ్డం పెడుతోంది. నన్ను చూసి కూడా పలకరించలేదు. నేను దగ్గరకి వెళ్లి "సిస్టరమ్మా" అన్నాకే నా వైపు తిరిగింది.

"వారం ఈ రోజుకి. దాటకూడదమ్మా."

నాకు ఏడుపొచ్చేసింది. "సిస్టరమ్మా, మా అత్తతో నేను..."

"నువ్వేటి సెప్పావో నాకు తెలుసు. ఎందుకు సెప్పావో కూడా తెలుసు. అది తర్వాత మాట్లాడుకోవచ్చు. సూది తర్వాత కాదు."

ఆటోలో శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లింది. తనతో చదువుకున్న నర్సు ఎవరో ఉంటే చెవిలో చెప్పి వేయించింది. వచ్చే వారం మూడోది కూడా అక్కడే వేయించుకోమని తారీకు రాసిచ్చింది. అంతసేపూ నాకు గుర్తున్నది ఆవిడ పక్కన ఉందన్న ధైర్యం. మర్నాడే తను కొండెక్కాలని, మంచాన ఉన్న తల్లిని ఎవరికి అప్పగించాలో తేలక సతమతమవుతోందని ఒక్క ముక్క చెప్పలేదు. అవి నేను ఊరికి తిరిగొచ్చాక తెలుసుకున్నాను.

మా ఆయన ట్రిప్పు ముగించుకుని వచ్చాక చెప్పాను. ముందు ఎగిరాడు. తర్వాత ఎప్పుడో పెళ్లికి ముందు ఒక పుండు లేచిందని, షాపులో బిళ్లలు మింగితే మానిందని, మానిపోయింది కదా అనుకున్నానని నేల చూస్తూ చెప్పాడు. ఊళ్లో ఆసుపత్రికి వెళ్లనన్నాడు. ఎవరిదో మోటారుసైకిలు అడిగి తీసుకుని, మూడు వారాలు ఆ కొండ మీదికే వెళ్లి, సిస్టరమ్మ చేతే వేయించుకొచ్చాడు. "ఏమైనా అన్నదా?" అని అడిగాను. "పాప కదుల్తందా అని అడిగింది. ప్రతీసారీ అదే" అన్నాడు. పాప అని ఆవిడకెలా తెలుసో.

పాపే పుట్టింది. మూడు కేజీలు. పుట్టగానే దానికీ రక్తం చూశారు, తర్వాత మరో రెండుసార్లు చూశారు. ఏమీ లేదన్నారు. మా అత్త వీధంతా మిఠాయి పంచుతూ "ఆ సిస్టరు సంపీబోయినాది, దేముడు కాసినాడు" అని ప్రతి గుమ్మంలో చెప్పింది. నేను బిడ్డకి పాలిస్తూ విన్నాను.

పాపకి ఆరో నెల వచ్చేసరికి సిస్టరమ్మ తల్లి పోయింది. వానలకి కొండ మీద రోడ్డు తెగిపోయి ఉంది. ఆవిడకి కబురందేసరికి ఒక రోజు, కాలినడకన దిగొచ్చేసరికి ఇంకో రోజు. శవపెట్టె వీధిలో మా ఇంటి ముందు నుంచే వెళ్లింది. దాని వెనక బురద చీరతో ఆవిడ. నేను పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాను. గుమ్మం దిగలేదు.

ఇది చదివేవాళ్లు అడగొచ్చు, అత్త పోయాకైనా చెప్పొచ్చు కదా అని. మా అత్త పోయి ఎనిమిదేళ్లయింది. సిస్టరమ్మ రిటైరై మళ్లీ ఆ ఇంటికే వచ్చింది. నేను అంగన్‌వాడీ టీచర్నయ్యాను. గర్భిణీలందర్నీ మొదటి నెలల్లోనే రక్తపరీక్షకి నేనే పంపిస్తాను, మొగుడు కూడా చేయించుకోవాలని వాళ్లింట్లో పెద్దవాళ్లకి నేనే నచ్చజెప్తాను. సిస్టరమ్మ మాటల్నే నా మాటల్లా చెప్తాను. పొద్దున్న కేంద్రానికి వెళ్తుంటే ఆవిడ అరుగు మీద పేపరు చదువుతూ కనబడేది. తలెత్తేది కాదు. నేను పలకరిస్తానేమోనని ఆగేదో, లేదో. నేను చెప్పుల వైపు చూసుకుంటూ దాటేసేదాన్ని. పలకరింపు నా చేతిలో ఉండాలని పెట్టిన మనిషి ఆవిడ. నేను దాన్ని అడ్డం పెట్టుకున్నాను.

ఒక్కసారి అవకాశం వచ్చింది. కొత్తవలసలో విజయనగరం వెళ్లే ప్యాసింజరు ఎక్కితే ఎదురు సీట్లో ఆవిడ. పెట్టెలో మిగతావాళ్లు ఎవరో కూలీలు, నిద్రపోతున్నారు. నేను లేచి ఇంకో చోటికి వెళ్లేలోపు ఆవిడే నవ్వింది.

"కూర్చో అమ్మా. ఇక్కడ మనల్ని ఎరిగినోళ్లు లేరు కదా, అందుకే నేనే పలకరిస్తన్నాను."

సంచిలోంచి జంతికలు తీసింది. పాప ఏం చదువుతోందని అడిగింది. ఏడో తరగతి అన్నాను. ఫోన్లో ఫొటో చూపిస్తే కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూసింది. "పళ్లు బాగున్నాయి" అంది. "సెవులు బాగా వినబడతన్నాయా? బోర్డు మీద అక్షరాలు కనబడతన్నాయా?" అన్నీ బాగున్నాయన్నాను. అదేం ప్రశ్న అనుకున్నాను కూడా. చాలా రోజుల తర్వాత ఒక శిక్షణలో విన్నాను, తల్లి నుంచి బిడ్డకి ఆ జబ్బు సోకితే కొన్నేళ్లు పోయాక పళ్లలో, చెవుల్లో, కళ్లలో బయటపడొచ్చని. పన్నెండేళ్లు గడిచినా ఆవిడ ఇంకా నా బిడ్డని చూస్తూనే ఉంది.

విజయనగరం వచ్చేదాకా నా నోట్లో ఆ మాట తిరుగుతూనే ఉంది. తప్పయిపోయింది సిస్టరమ్మా అనాలి. జంతికలు బాగున్నాయన్నాను. ఆవిడ మిగిలినవి కాగితంలో చుట్టి పాపకిమ్మని ఇచ్చి, "నువ్వు ముందు దిగమ్మా, నేను వెనకొస్తాను. స్టేషన్లో మీవోళ్లు ఉంటారు" అంది.

ఫ్లెక్సీ చూసిన సోమవారం సాయంత్రం మా అమ్మాయిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఇప్పుడది ఇంటర్ రెండో సంవత్సరం. మా ఆయన గుమ్మంలో, అటు తిరిగి కూర్చున్నాడు. విన్నాక అది ముందు అడిగింది, "నాకేటైనా ఉన్నాదా అమ్మా?" లేదని, మూడుసార్లు పరీక్ష చేశారని చెప్పాను.

"మరి ఆవిడకి సారీ సెప్పావా?"

లేదన్నాను. అది లేచి లోపలికి వెళ్లిపోయింది.

మంగళవారం చర్చి నిండిపోయింది. సిస్టరమ్మ చెల్లెలు లేచి మాట్లాడింది. "మా అక్క తప్పు సూది ఏసినాదని ఈ ఊరు అనుకున్నాది. అమ్మ పోయినప్పుడు అక్క దగ్గర లేదు. ఆ రోజు ఏం సూది ఏసిందో, ఎందుకేసిందో మాక్కూడా సెప్పలేదు. అడిగితే, అది నాది కాదే సెప్పడానికి అనేది." పాస్టరుగారు ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగారు. నా కాళ్లు నేను చెప్పకుండానే లేచాయి.

"ఆ సూది వేసింది నాకే" అన్నాను. "తప్పు సూది కాదు. నాకు సిఫిలిస్ ఉండేది. ఆ సూది వల్లే నా కూతురు బతికింది. ఎవరిదో కాగితం చూసి వేసిందని మా అత్తకి అబద్ధం చెప్పింది నేనే. ఆవిడ నన్ను కాపాడింది. నేను ఆవిడని కాపాడలేదు."

ఆడవాళ్లు తిరిగి చూశారు. మగవాళ్ల వైపు నుంచి మా ఆయన లేచాడు. అతను లేస్తాడని నేననుకోలేదు. చెప్పులు బయటే విడిచిన ఉత్త కాళ్లతో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ జబ్బు నా వల్ల వచ్చినాది. నాకూ ఆవిడే ఏసింది. మా ఇంటిదాని తప్పు ఏటీ లేదు" అన్నాడు. కూర్చున్నాడు.

అందరూ క్షమిస్తారని నేను వెళ్లలేదు. అయినా మనసులో ఎక్కడో ఆ ఆశ ఉండే ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు సిస్టరమ్మ చెల్లెలి దగ్గర ఆగాను. ఆవిడ నన్ను కసురుకోలేదు. చెయ్యి కూడా పట్టుకోలేదు.

"ఇన్నేళ్లూ నాలుగిళ్ల అవతలే ఉన్నావు కదమ్మా" అంది. అంతే అంది. అంతకంటే నిజం ఇంకేముంటుంది?

సమాధుల దగ్గర మట్టి కప్పి దండలు పరిచేసరికి రోడ్డు మీద ఒక జీపు ఆగింది. కొండ మీద నుంచి వచ్చారు. పదిమంది దాకా ఆడవాళ్లు, ఇద్దరి చంకల్లో పిల్లలు. దారి పాడై ఆలస్యమైందట. సిస్టరమ్మ తమ ఊళ్లకి ఎందుకొచ్చిందో వాళ్లకి తెలియదు. సర్కారు పంపిస్తే వచ్చిందనుకున్నారు. పదేళ్లు అక్కడ కాన్పులు చేసిందని, మొగుళ్లని చెవి పట్టుకుని తెచ్చి సూదులు పొడిచిందని ఒకావిడ చెప్తూ చెప్తూ నవ్వి, నవ్వుతూ ఏడ్చింది. నా అబద్ధం వల్ల వాళ్లకి మంచి జరిగిందని ఎవరైనా నన్ను ఓదార్చబోతే నేను వినను. ఆ మంచి ఆవిడది. నాది కాదు.

వాళ్లకి దండలు వేసే అలవాటు ఉన్నట్టు లేదు. ఒక ముసలమ్మ వంగి, చెంగు ముడి విప్పి, తెల్ల చామంతుల మధ్య ఒక అనాస పండు నిలబెట్టింది. అది పడిపోకుండా చుట్టూ మట్టి చేత్తో ఎగదోసింది. ఇంకా బాగా పండలేదు, కింద మాత్రం పసుపు తిరుగుతోంది. అంతలో వాన పెద్దదైంది. అందరం తుమ్మచెట్ల కిందికి పరిగెత్తాం. పూలు ఒక్కొక్కటే తడిసి మట్టికి అంటుకుపోయాయి. ఆ పండు తన ముళ్ల ఆకుల మధ్య నీళ్లు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.